జరుగుండ్రి

చందంపేట దాటినంక గుట్ట నడుమ
నిలబడితే తల తగిలే సిమెంటు గది.
దాని తాళంచెవి నా కొంగుకుంటది.
లోపల మూలబండ మీదనే పోసిన దిమ్మె,
దిమ్మె మీద చెంబంత పెట్టె,
పైన సోలార్ పలక, పలక మీద కాకిరెట్ట.
రెట్ట తుడుస్తా, బ్యాటరీ చూస్తా,
సిగ్నల్ పోతే ఏరియల్ తిప్పుతా.
జీతం మూడు నెలలకోసారి. అది వేరే కథ.

పెట్టెకు ఒక్కటే పని: వినుడు.
సాగర్ నీళ్లు ఎనక్కెక్కి
వాగుల మూతులదాకా నిండినప్పుడు
ఆ బరువుకు కింద ఎక్కడనో రాయి ఒత్తిగిల్లుతది.
మాకు తెల్వది. కుక్కకు తెల్వది.
గూట్లె బోర్లించిన గిలాస కూడ పలకది.
పెట్టె రాసుకుంటది.

ఫర్హానా మేడం కాయితం పరిచి చూపెట్టింది:
ముందొచ్చేది సన్న వణుకు, ఎనకొచ్చేది దొడ్డు వణుకు,
రెండిటి నడుమ సందును బట్టి దూరం.
ఒంటిగంటకు లేచే గీత క్వారీ పేలుడు,
దాన్ని లెక్కల నుంచి తీసెయ్యాలె.
"చుక్కలన్నీ ఒక్క బాటన పడుతున్నయంటే
అతుకు అక్కడున్నట్టు" అన్నది.
నేను నవ్విన.

మా నాయిన వల్లెపు తిమ్మయ్య బండలు కొట్టేటోడు.
జానెడుకో గుంత తొలిచి
ఇనుప చీలలు దిగ్గొట్టి
సమ్మెట పక్కన పెట్టి బండకు చెవి ఆనిచ్చేటోడు.
లోపల కిట్టుమంటది,
ఎండకు కందికాయ పగిలినట్టు.
మళ్లొకటి. మళ్ల రెండు, కొంచెం అవతల.
కిట్టులు పోయే దారిని వేలితో గీసుకుంట పోయి
"జరుగుండ్రి" అనేటోడు.
ఎప్పుడు పగులుతదో ఏనాడు చెప్పలే.
ఎక్కడనో మాత్రం తప్పలే.

తర్వాత కంప్రెషర్ వచ్చింది.
చెవి ఆనిస్తే దాని రొదనే.
చిన్నాయిన దుర్గయ్య బండనీడల
సద్దిమూట ముడి విప్పుతుండె.
బండ కిట్టుమనే ఉంటది.
అనే ఉంటది.

అందుకే సర్పంచి బోరుబండిని గది పక్కకు తోలుకొస్తే
చక్రం ముందర కూసున్న.
"పెట్టెకు నీళ్లు తాపుతవా?" అని నవ్విండ్రు.
తిట్టుకుంట అవతల ఏసుకున్నరు.
నీళ్లు పడ్డయి. ఫ్లోరిన్‌వే.

ఈ భాద్రపదం పెట్టెకు నిద్ర లేదు.
మేడం ఫోన్‌ల చెప్తది, నేను గోడ మీద బొగ్గుతో రాస్తా.
సోమారం నాలుగు. మంగళారం పదకొండు.
బుధారం ఇరవై ఆరు.
"చిన్నయి ఎల్లిపోతే పెద్దది రాదంట గద?"
తండా ఆడోళ్లు అడగమన్నరు, అడిగిన.
"ఒక మెట్టు పెద్దదానికి ముప్పై చిన్నయి కావాలె,
రెండు మెట్లకు వెయ్యి.
భూమి చిల్లర పైసలతోని అప్పు తీర్చదమ్మా."
మరి వస్తదా?
"తెల్వది."
అంత చదివినామె అంత సాఫుగ తెల్వదంటే
నాకు ధైర్యమే వచ్చింది, ఎందుకో.

శుక్రారం సున్న.
సున్న రాసినంక చెయ్యి వణికింది.
రాత్రి లాంతరు పట్టుకపోయి తాళం తీసి
దిమ్మె పక్కన చెవి ఆనిచ్చి పండుకున్న.
సల్లటి రాయి. నా నెత్తురు నాకే వినపడ్డది.
పొద్దున్నే మేడం:
"రాత్రి రెండింటికి ఏదో వింత గీత పడ్డది, గొడ్డు దూరిందా?"
"నేనే మేడం."
శానసేపు నవ్వింది. తర్వాత నవ్వకుంట,
"మట్టి లేకుండ రాళ్లు పేర్చిన గోడలెన్ని, తండాల?" అన్నది.

లెక్కబెట్టిన. పందొమ్మిది.
ఇల్లిల్లు తిరిగి, గోడపొంటి మంచాలు
వాకిట్లెకు జరుగుండ్రి అంటున్న.
"ఎప్పటిదాక?" అన్నడు హరిసింగ్ తాత.
నేను మంచం ఆ కొస పట్టుకున్న.